టోపీపై తెల్లకొంగ ఈకలు

పక్షుల ఈకలను మానవుడు అలంకారమునకు వాడుకొనుట నేటి మాట కాదు. మన దేశమున రాజులు, నవాబులు తలపాగపై కలికితురాయి ధరించెడివారు. నెమలి ఈకల విసనకర్రలను దేవాలయములలోను, తిరునాళ్లలోను నేటికిని చూడవచ్చును. ఈకను ధరించినంత మాత్రమున పక్షికి హాని కలుగునని చెప్పుటకు వీలులేదు. మగ నెమలి ఏటేట జతకట్టు కాలము ముగిసిన పిమ్మట తన పింఛమును తానే రాల్చివేయును. రాలిన ఈకను ఏరుకొనుటవలన నెమలికి నష్టము లేదు. అయితే ఒక ఈక రాలినదా, పెరికినదా, లేక పక్షిని చంపి తీసినదా అను సంగతి దానిని ధరించు వారికి సాధారణముగా తెలియదు.

పందొమ్మిదవ శతాబ్దము చివరి భాగమున ఐరోపా, అమెరికా దేశములలో ఈ తెలియని సంగతియే లక్షలకొలది పక్షుల ప్రాణములు తీసినది. ఆ హత్యను అడ్డగించిన ఉద్యమమును ఆరంభించినవారు ముఖ్యముగా స్త్రీలు. వారు మొదట చేసిన పని మిక్కిలి చిన్నది. తమ టోపీలను మార్చుకొనిరి. ఆ చిన్న పనినుండి దేశముల మధ్య ఒడంబడికల వరకు కథ ఎట్లు సాగినదో తెలిసికొనుట విద్యార్థులకు ఉపయోగకరము.

కొంగకు పెండ్లి ఈకలు

పక్షి రెక్కనుండి ఒక ఈకను తీసి చేతి భూతద్దముతో చూచినచో, నడుమ ఒక కాడయు, దానికి ఇరుప్రక్కల సన్నని శాఖలును కనబడును. ఆ శాఖలకు మరల ఉపశాఖలు కలవు. ఈ ఉపశాఖలకు గల కొక్కెములను చూచుటకు మాత్రము సూక్ష్మదర్శిని కావలెను. కొక్కెములు ఒకదానినొకటి పట్టుకొనియుండుటచే ఈక అంతయు ఒకే రేకువలె బిగిసి, ఎగురునప్పుడు గాలిని నెట్టగలుగుచున్నది. వ్రేళ్లతో విడదీసిన ఈకను మరల దువ్వినచో అతుకుకొనుటకు కారణము ఈ కొక్కెములే.

తెల్లకొంగలకు జతకట్టు కాలము సమీపించినప్పుడు వీపుపై మరియొక విధమైన ఈకలు మొలచును. వీటి శాఖలను కలిపి పట్టు కొక్కెములు లేవు. అందుచే ప్రతి శాఖయు పట్టుదారమువలె విడివడి, చిన్న గాలికి కూడ రెపరెపలాడుచుండును. ఎగురుటకు ఇవి పనికిరావు. జత పక్షిని ఆకర్షించుటకును, గూటివద్ద పరస్పరము పలకరించుకొనుటకును కొంగలు వీటిని విప్పి చూపును. వీటి తెలుపునకు రంగు పదార్థమేదియు కారణము కాదు. ఈకలోని సూక్ష్మ నిర్మాణము అన్ని రంగుల కాంతిని చెదరగొట్టుటచే మనకు తెల్లగా కనబడుచున్నది.

ఫ్రెంచి భాషలో ఎయిగ్రెట్ అని పిలువబడిన ఈ ఈకలనే టోపీలు కుట్టువారు కోరిరి. కొంగలకు ఇవి మొలచునది గూడు కట్టు కాలముననే. ఆ కాలమున కొంగలు చిత్తడి నేలలలోని చెట్లపై వందలు, వేలుగా ఒకే చోట గూళ్లు కట్టును. గ్రుడ్లను, పిల్లలను విడిచి దూరముగా పోవు. వేటగానికి ఇంతకన్న సులువైన గురి లేదు. గ్రుడ్డునుండి వెలువడిన కొంగపిల్ల ఆహారమునకై కొన్ని వారములపాటు తల్లిదండ్రులపైననే ఆధారపడవలెను. కనుక పెద్ద పక్షి చచ్చినచో, గూటిలోని పిల్లలు ఆకలితోను, ఎండకును చచ్చుచుండెను. ఒక్క తుపాకి దెబ్బకు రెండు తరములు నశించెడివి.

టోపీల లెక్క, కొంగల లెక్క

1886లో ఫ్రాంక్ చాప్మన్ అను యువకుడు, బ్యాంకు ఉద్యోగమునుండి పక్షిశాస్త్రము వైపు మరలినవాడు, న్యూయార్కు నగరపు అంగళ్ల వీథులలో రెండు సాయంకాలములు నడచి ఒక విచిత్రమైన గణన చేసెను. ఎదురైన స్త్రీల టోపీలను లెక్కించి, వాటిపై గల పక్షులను గుర్తించుటయే ఆ పని. 700 టోపీలలో 542 టోపీలకు ఈకలున్నవి. వాటిలో సుమారు 40 జాతుల పక్షులను అతడు గుర్తించెను. కొన్ని టోపీలపై రెక్కలు, తోకలు మాత్రమేగాక, గడ్డి కూరిన పూర్తి పక్షులే కూర్చుండియుండెను. అడవికి పోకుండ నగరము నడిబొడ్డున పక్షులను పరిశీలించిన ఈ గణన, ఫ్యాషను ఎంత దూరము పోయినదో అంకెలలో చూపినది.

కొంగ ఈకల ధర నానాటికి పెరిగెను. 1903 ప్రాంతమున ఫ్లోరిడాలో వేటగానికి ఔన్సు ఈకలకు 32 డాలర్లు ముట్టుచుండెను. అప్పుడు ఔన్సు బంగారము వెల సుమారు 20 డాలర్లు. బంగారముకన్న వెలగల వస్తువు చెట్టుకొమ్మపై కదలకుండ కూర్చుండియున్నప్పుడు, పేద వేటగాండ్రు ఆశకు లోబడుటలో ఆశ్చర్యము లేదు.

న్యూయార్కు జంతుప్రదర్శనశాల అధిపతియైన విలియమ్ హార్నడే 1913లో ప్రకటించిన గ్రంథమున ఒక లెక్క కలదు. 1902లో లండను వేలముపాటలలో 1,608 కట్టల కొంగ ఈకలు అమ్ముడుపోయెను. కట్ట ఒక్కింటికి సగటున 30 ఔన్సులు. మొత్తము 48,240 ఔన్సులు. ఔన్సు ఈకలకు సుమారు నాలుగు పక్షులు కావలెను. అనగా 1,92,960 కొంగలు. దీనికి రెండు మూడు రెట్లు గ్రుడ్లు, పిల్లలు నశించియుండునని అతని అంచనా. ఇది ఒక్క సంవత్సరములో, ఒక్క నగరపు వర్తకము.

తేనీటి విందులలో పుట్టిన సంఘము

ఇంగ్లండులో మాంచెస్టరు సమీపమున గల డిడ్స్‌బరీలో 1889లో ఎమిలీ విలియమ్సన్ అను వనిత పక్షి సంరక్షణ సంఘమును స్థాపించెను. మొదటి సభ్యులందరును స్త్రీలే. సంఘపు నియమము సరళమైనది: ఆహారమునకై చంపబడిన పక్షుల ఈకలు తప్ప మరి ఏ పక్షి ఈకలను సభ్యురాలు ధరింపరాదు. ఉష్ట్రపక్షి ఈకలకు మాత్రము మినహాయింపు కలదు. ఏలయన ఆ పక్షిని చంపకుండగనే ఈకలు తీయవచ్చును. ఈ సంఘమునకు 1904లో రాజశాసనము లభించెను.

అమెరికాలో 1886లోనే అట్టి సంఘమొకటి పుట్టి, వేలకొలది సభ్యులను చేర్చుకొనియు, రెండు మూడేండ్లలో ఆగిపోయెను. సంతకములు సేకరించుట సులభమే, సంఘమును నడుపుట కష్టమని ఆ అనుభవము తెలిపినది. 1896లో బోస్టను నగరమున హారియట్ హెమెన్వే, ఆమె బంధువు మిన్నా హాల్ మరియొక మార్గమును త్రొక్కిరి. నగరములోని సంపన్న కుటుంబముల పేర్లుగల పుస్తకమును ముందుంచుకొని, ఈకల టోపీలు ధరించు స్త్రీలెవ్వరో గుర్తించి, వారిని తేనీటి విందులకు పిలిచిరి. అచ్చట గూళ్లవద్ద జరుగుచున్న సంగతిని వివరించిరి. సుమారు 900 మంది స్త్రీలు వారితో చేరిరి. ఆ సంవత్సరమే శాస్త్రజ్ఞులతో కలిసి మసాచుసెట్స్ ఆడుబాన్ సంఘమును స్థాపించిరి. మరుసటి యేడే ఆ రాష్ట్రము అడవి పక్షుల ఈకల వ్యాపారమును నిషేధించెను. కొన్ని సంవత్సరములలో ఇతర రాష్ట్రములందును ఇట్టి సంఘములు వెలసెను.

ఈ స్త్రీలు అలంకారమునే మానుకొమ్మని చెప్పలేదు. పట్టు పీతాంబరపు పట్టీలతో, కృత్రిమ పుష్పములతో కుట్టిన టోపీలను ప్రచారము చేసిరి. మానవలసినది సౌందర్యము కాదు, సౌందర్యము వెనుక దాగిన హింసయని వారి భావము.

వర్తకుల వాదములు

వర్తకులు ఊరకుండలేదు. ఈకలు అసలు పక్షులవి కావు, కృత్రిమముగా చేసినవి అని కొందరు చెప్పి అమ్మిరి. లండనులోని ప్రకృతి శాస్త్ర ప్రదర్శనశాలకు చెందిన విజ్ఞానులు అట్టి వాటిని పరీక్షింపగా అవి నిజమైన కొంగ ఈకలే అని తేలెను. రాలిన ఈకలనే గూళ్ల క్రింద ఏరి తెచ్చుచున్నామని మరికొందరు వాదించిరి. రాలిన ఈక అరిగి, మాసి, చివరలు విరిగి యుండును. దానికి ధర స్వల్పము. బంగారమునకు మించిన ధర పలికిన నిగనిగలాడు ఈకలు సజీవ పక్షులపైనుండి తీసినవే.

నిషేధించినచో ఈకల కర్మాగారములలో పనిచేయు వేలాది బాలికలు, స్త్రీలు జీవనోపాధి కోల్పోవుదురని మూడవ వాదము. ఇది త్రోసిపుచ్చదగినది కాదు. అయితే ఆ వాదమును ముందుంచినవారు ఆ పనివారికి ఇచ్చుచున్న కూలి మాత్రము కొద్దిపాటిదే. నిందయంతయు స్త్రీల ఆడంబరముపై మోపుట కూడ న్యాయము కాదు. వేటాడినవారు, వ్యాపారము చేసినవారు, చట్టసభలో బిల్లును ఆలసింపజేసినవారు పురుషులే కదా అని 1920లో రచయిత్రి వర్జీనియా ఉల్ఫ్ ఒక వ్యాసమున ప్రశ్నించెను.

శాసనముల కాలము

వ్యక్తులు టోపీలు మార్చుకొన్నంత మాత్రమున వేట ఆగలేదు. మానినవారు కొందరు, కొనువారు ఇంకను అనేకులు. కనుక శాసనములు అవసరమయ్యెను. రాష్ట్ర శాసనమునకు విరుద్ధముగా చంపిన పక్షులను రాష్ట్రముల మధ్య రవాణా చేయరాదని అమెరికాలో 1900లో లేసీ శాసనము నిర్ణయించెను. 1903లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఫ్లోరిడాలోని పెలికన్ దీవిని పక్షులకు రక్షిత స్థలముగా ప్రకటించెను.

కాగితముపై శాసనము చిత్తడి నేలలకు చేరుట కష్టము. బాల్యమున తానును ఈకల వేట చేసి, పిమ్మట దానిని విడిచిన గై బ్రాడ్లీ దక్షిణ ఫ్లోరిడాలో కాపలాదారుడయ్యెను. 1905 జూలై 8వ తేదీన కొంగలను కాల్చుచున్నవారిని పట్టుకొనబోయి, అతడు తుపాకి గుండుకు బలియయ్యెను. కాల్చినవాడు విచారణకైనను నిలువక విడుదలయ్యెను. ఈ వార్త దేశమును కదిలించెను. న్యూయార్కు రాష్ట్రము 1910లో ఈకల విక్రయమును నిషేధించెను. 1913లో విదేశములనుండి అడవి పక్షుల ఈకల దిగుమతి నిలిచిపోయెను. వలస పక్షుల రక్షణకు కెనడాతో చేసికొన్న ఒడంబడికను అమలుపరచు శాసనము 1918లో వచ్చెను. బ్రిటనులో 1908లో మొదటిసారి ప్రవేశపెట్టిన బిల్లు, అనేక వైఫల్యముల తరువాత 1921లో శాసనమయ్యెను.

ఇదే కాలమున స్త్రీలు జుట్టు కురచగా కత్తిరించుకొని, తలకు బిగిసిన చిన్న టోపీలు ధరింపసాగిరి. పెద్ద ఈకలకు వాటిపై చోటు లేకపోయెను. కనుక విజయము ఒక్క శాసనముది కాదు, ఒక్క ఫ్యాషనుది కాదు. రెండును కలిసి వచ్చినవి.

మన దేశమున

కొంగ ఈకలను ఎగుమతి చేసిన దేశములలో భారతదేశమొకటి. 1902లో ఆనాటి ప్రభుత్వము పక్షుల చర్మముల, ఈకల ఎగుమతిని నిషేధించెను. అయినను లండనులో ధర నిలిచియున్నంత కాలము దొంగ రవాణా సాగుచునేయుండెను. సింధు ప్రాంతమున కొందరు జాలరులు కొంగలను ఆవరణములలో పెంచి, చంపకుండ ఈకలు తీయుచుండిరి.

దుక్కి దున్నునప్పుడు నాగలి వెనుకను, మేయు పశువుల వెంటను తిరుగుచు, మిడుతలను ఏరి తిను తెల్లకొంగలను ఎరుగని తెలుగు రైతు లేడు. వాటికిని జతకట్టు కాలమున వీపుపై, తలపై గోధుమవన్నె ఈకలు మొలచును. దూరపు నగరముల టోపీలకును, మన పొలములలోని పురుగులకును ఎట్టి సంబంధము కలదో విద్యార్థులు ఊహింపగలరు.

నేటికిని మిగిలిన ప్రశ్న

రక్షణ లభించిన పిమ్మట అమెరికాలో కొంగలు మరల వృద్ధిచెందినవి. బ్రిటనులో చిన్న తెల్లకొంగ 1996లో మరల గూడు కట్టి పిల్లలను చేసెను. నష్టము సకాలమున ఆపినచో ప్రకృతి తన్ను తాను సరిదిద్దుకొనగలదు.

అయితే పాత వాదము క్రొత్త వేషమున మరల వచ్చుచుండును. ఉంగరములో దూరిపోవునంత సన్నని షాతూష్ శాలువ కొరకు టిబెటు పీఠభూమిలోని చిరు అను జంతువును చంపుదురు. ఒక్క శాలువకు మూడు నుండి అయిదు జంతువుల ఉన్ని కావలెను. ఉన్ని పొదలకు చిక్కుకొనగా ఏరి తెచ్చినదని వర్తకులు చాలకాలము చెప్పిరి. అది కొంగ ఈకల వర్తకుల మాటయే. చిరు ఉన్ని అంతర్జాతీయ వ్యాపారమును 1979 నుండి ఒడంబడిక నిషేధించినది. జమ్ము కాశ్మీరులో 2002లో శాసనము మార్చి ఈ శాలువల తయారీని ఆపిరి.

వస్త్రము గాని, ఆభరణము గాని, ముఖమునకు పూయు లేపనము గాని కొనునప్పుడు వేయదగిన ప్రశ్నలు ఈ చరిత్రలో కలవు. ఇది దేనినుండి వచ్చినది? తీసినప్పుడు ఆ ప్రాణి, ఆ నేల, ఆ నీరు ఏమయినవి? తరువాతి తరమునకు మిగిలినదేమి? అమ్మువాడు చెప్పిన మాటకు పరీక్షతో రుజువు కలదా? సమాధానము తెలిసిన పిమ్మట ఒకరు మానుట మంచిదే. పదిమందికి తెలిపి మాన్పించుట ఇంకను మంచిది. శాసనమువరకు తీసికొనిపోవుట శాశ్వతము. బోస్టను స్త్రీలు ఈ మూడు మెట్లను ఎక్కిరి. మొదటి మెట్టు మాత్రము వారి తలమీద నుండిన టోపీయే.