గాయపడిన చేతికి పనే మందు: వైద్యచరిత్రలో ఒక అధ్యాయం

మణికట్టు విరిగినవారికి సాధారణంగా అయిదారు వారాలు కట్టు వేసి ఉంచుతాము. కట్టు విప్పిన నాడు ఎక్స్‌రే చూసి ఎముక అతికిందని చెబితే రోగి సంతోషిస్తాడు. కానీ ఇంటికి వెళ్ళి చెంబు ఎత్తబోతే చేయి లేవదు, వేళ్ళు ముడుచుకోవు, పిడికిలి బిగియదు. ఎముక అతకడం వేరు, చేయి తిరిగి చేయి కావడం వేరు. ఈ రెంటి మధ్య గల దూరాన్ని వైద్యశాస్త్రం గుర్తించి, దానిని దాటించే మార్గం వెదకడానికి చాలా కాలం పట్టింది. ఆ మార్గంలో అల్లిక సూదికి, ఉలికి, బుట్టలల్లే బెత్తానికి ఉన్న స్థానాన్ని గురించి ఈ వ్యాసంలో తెలుసుకుందాము.

మనసుకు మొదలైన చికిత్స

పనిని చికిత్సగా వాడటం మొదట మానసిక రోగుల విషయంలో ప్రారంభమైంది. 18వ శతాబ్దం చివర ఫ్రాన్స్‌లో ఫిలిప్ పినెల్, ఇంగ్లండులో విలియం ట్యూక్ మానసిక రోగులను గొలుసులతో బంధించి ఉంచే పద్ధతిని వ్యతిరేకించారు. 1796లో ట్యూక్ యార్క్ నగరంలో ప్రారంభించిన ఆశ్రమంలో రోగులకు తోటపని, కుట్టుపని వంటివి అప్పగించేవారు. పనిలో నిమగ్నమైన మనసు కుదుటపడుతుందన్నది వారి అనుభవం. 20వ శతాబ్దం తొలినాళ్ళలో అమెరికాలో హెర్బర్ట్ హాల్ అనే వైద్యుడు నరాల నిస్సత్తువతో బాధపడేవారికి మగ్గం, కుండల తయారీ నేర్పించాడు. సుసాన్ ట్రేసీ అనే నర్సు మంచంపట్టిన రోగులు చేయదగిన చేతిపనులపై 1910లో ఒక పుస్తకమే ప్రచురించింది.

తన శరీరంపైనే ప్రయోగం చేసుకున్న వాస్తుశిల్పి

శరీరానికి తగిలిన దెబ్బకు చేతిపని ఎలా పనికివస్తుందో లోకానికి చూపినవారిలో జార్జ్ ఎడ్వర్డ్ బార్టన్ ముఖ్యుడు. ఆయన వైద్యుడు కాడు, అమెరికాకు చెందిన వాస్తుశిల్పి. క్షయవ్యాధి ఆయనను చాలాకాలం పీడించింది. ఆ తరువాత తీవ్రమైన చలికి ఎడమ పాదం కుళ్ళి శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. దానివెంటనే శరీరం ఎడమభాగం చచ్చుబడింది. ఆసుపత్రి నుండి బయటపడిన తరువాత 1914లో న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే ఊరిలో ఒక పాత ఇల్లు కొని, దానికి 'కన్సోలేషన్ హౌస్' అంటే 'ఓదార్పు గృహం' అని పేరు పెట్టాడు. అక్కడ తోటపని, వడ్రంగం చేస్తూ చచ్చుబడిన ఎడమచేతిని క్రమంగా వాడుకలోకి తెచ్చుకున్నాడు. తన అనుభవాన్ని ఇతర రోగులకూ పంచాడు.

1917 మార్చి నెలలో ఆ ఇంట్లోనే కొద్దిమంది సమావేశమై ఒక జాతీయ సంఘాన్ని స్థాపించారు. విలియం రష్ డంటన్ అనే మానసిక వైద్యుడు, ఎలినార్ క్లార్క్ స్లాగిల్ వారిలో ప్రముఖులు. బార్టన్ తొలి అధ్యక్షుడయ్యాడు. నేడు మనం 'ఆక్యుపేషనల్ థెరపీ' అని పిలిచే వైద్యశాఖ ఆ విధంగా రూపుదిద్దుకొన్నది. ఈ పేరులోని మొదటి మాటను 'ఉద్యోగం' అని అర్థం చేసుకోవద్దని పాఠకులకు మనవి. మనిషిని అర్థవంతంగా నిమగ్నం చేసే ప్రతి పనీ, అంటే స్నానం, వంట, రాత, కుట్టు, తోటపని అన్నీ అందులోకి వస్తాయి.

యుద్ధం నేర్పిన పాఠం

అప్పటికే ఐరోపాలో మొదటి ప్రపంచయుద్ధం సాగుతున్నది. ప్రాణం దక్కినా చేతులు, కాళ్ళు పనిచేయని యువకులు వేలకు వేలుగా ఆసుపత్రులకు చేరారు. లండన్‌లోని షెపర్డ్స్ బుష్ సైనిక ఎముకల ఆసుపత్రిలో సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు రాబర్ట్ జోన్స్ ఆధ్వర్యంలో 'చికిత్సా కర్మశాలలు' ఏర్పడ్డాయి. పోర్చుగల్ సింహాసనం కోల్పోయి ఇంగ్లండులో తలదాచుకున్న రెండవ మాన్యుయెల్ రాజు వాటి స్థాపనకు ఎంతో తోడ్పడ్డాడు. బిగుసుకుపోయిన కీలు ఏ దిశలో కదలాలో ముందుగా చూసి, ఆ కదలిక సహజంగా వచ్చే పనిని రోగికి అప్పగించేవారు. చీలమండ కదలాలంటే కాలితో తొక్కే రంపం, మోచేయి చాచాలంటే చిత్రిక పట్టడం. 'చేయి వంచు, చాచు' అని ఆజ్ఞాపిస్తే పది సార్లకే విసిగిపోయే మనిషి, తన చేతులతో ఒక పీట తయారవుతుంటే అదే కదలికను గంటసేపు చేసినా అలసట ఎరుగడు. నేటికీ ఈ చికిత్సకు మూలసూత్రం ఇదే.

ఆ కాలానికే చెందిన మరొకరు ఎర్నెస్ట్ థెసిగర్. ఆయన రంగస్థల నటుడు. 1916 నుండి 1921 వరకు మన దేశానికి వైస్రాయిగా ఉన్న చెమ్స్‌ఫర్డ్ ప్రభువుకు పినతండ్రి కుమారుడు. 1914లో సాధారణ సైనికుడిగా చేరి, ఫ్రాన్స్‌లో ఫిరంగిగుండు పడి రెండు చేతులకూ గాయాలై తిరిగి వచ్చాడు. ఆయనకు ఎంబ్రాయిడరీ అంటే ప్రీతి. సూది పట్టడం తన వేళ్ళకు, మనసుకు చేసిన మేలు చూసి, గాయపడిన సైనికులందరికీ ఈ పని నేర్పాలని ప్రతిపాదించాడు. మగవారికి, అందునా సైనికులకు కుట్టుపని ఏమిటన్న సంకోచం ఆనాటి సమాజంలో బలంగా ఉండేది. ఆ సంకోచాన్ని దాటుకొని 1918లో 'డిసేబుల్డ్ సోల్జర్స్ ఎంబ్రాయిడరీ ఇండస్ట్రీ' అనే సంస్థ వెలసింది. ఇల్లు కదలలేని సైనికులు సైతం ఇంట్లోనే కుట్టి, తమ పనికి ప్రతిఫలం పొందారు. దానమిచ్చిన డబ్బుకు, చేతిపనితో సంపాదించిన డబ్బుకు రోగి మనసులో ఉండే తేడా వైద్యవృత్తిలో ఉన్నవారందరికీ తెలిసినదే.

లండన్‌లోని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ప్రార్థనావేదికకు తొడిగే వస్త్రాన్ని నూటముప్పైకి పైగా గాయపడిన సైనికులు కుట్టారు. ఇంగ్లండు, ఆస్ట్రేలియా, కెనడా, దక్షిణాఫ్రికాలకు చెందిన ఆ సైనికులు వేర్వేరు ఆసుపత్రులలో ఉండి, ఎవరి భాగాన్ని వారు కుట్టగా, వాటన్నిటినీ ఒకటిగా కూర్చారు. 1919లో యుద్ధానంతర కృతజ్ఞతా ప్రార్థనలలో దానిని వాడారు.

మన దేశంలో

భారతదేశంలో ఈ విద్యకు పునాది వేసినది కమలా నింబ్కర్. ఆమె అమెరికాలో ఎలిజబెత్ లుండీగా పుట్టి, భారతీయుణ్ణి వివాహమాడి ఇక్కడ స్థిరపడింది. 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఆమె ప్రారంభించిన శిక్షణాలయం మన దేశంలో మొదటిది.

తెలుగు జిల్లాల నుండి తరతరాలుగా రోగులు వెళ్ళే వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో అదే కాలంలో మరొక మహత్కార్యం జరిగింది. తమిళనాడులోని కొల్లి కొండలలో పుట్టిన పాల్ బ్రాండ్, వైద్యవిద్యకు ముందు భవన నిర్మాణమూ వడ్రంగమూ నేర్చుకున్నవాడు. 1940ల చివరలో ఆయన కుష్ఠువ్యాధివల్ల కొంకర్లుపోయిన వేళ్ళను, స్నాయువుల స్థానం మార్చి సరిచేసే శస్త్రచికిత్సలు చేశాడు. అయితే వేళ్ళు చాపుకోగలిగినంత మాత్రాన రోగికి బ్రతుకుతెరువు దొరకలేదు. అందుచేత కళాశాల ఆవరణలోనే చిన్న చిన్న ఇళ్ళు కట్టించి, చికిత్స పొందినవారికి వడ్రంగం, చెక్కబొమ్మల తయారీ నేర్పించాడు.

అక్కడే ఒక ముఖ్యమైన సంగతి బయటపడింది. స్పర్శ లేని ఆ చేతులు సుత్తిని, రంపాన్ని అవసరానికి మించి గట్టిగా పట్టుకునేవి. నొప్పి తెలియదు కనుక పని ఆపేవారు కాదు. బొబ్బలు పుండ్లయ్యేవి. కుష్ఠువ్యాధిలో వేళ్ళు అరిగిపోవడానికి వ్యాధి ఒక్కటే కారణం కాదని, స్పర్శ లేకపోవడం వల్ల తగిలే చిన్న చిన్న గాయాలే ప్రధాన కారణమని ఆయన రుజువు చేశాడు. పనిముట్ల పిడులు మార్చి, పని ముగియగానే ప్రతిరోజూ చేతులను పరీక్షించుకోవడం అలవాటు చేశాడు. నొప్పి మనకు శత్రువు కాదు, కాపలాదారు. అది లేనప్పుడు ఆ కాపలా పని కళ్ళు చేయాలి.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఈ శాఖలో యంత్రాలు, కొలతలు పెరిగి, చేతిపనులు కొంత వెనుకబడ్డాయి. 'బుట్టలల్లించే వైద్యం' అని ఎగతాళి చేసినవారూ ఉన్నారు. ఆ విమర్శలో కొంత న్యాయం లేకపోలేదు. రోగి ఎవరైనా, గాయం ఏదైనా అందరికీ ఒకే బుట్ట ఇస్తే అది కాలక్షేపమే గాని చికిత్స కాదు. గాయాన్ని బట్టి, మనిషిని బట్టి పనిని ఎంచినప్పుడే అది వైద్యం.

మీరు చేయదగినవి

ఇందుకు మనకు విదేశీ బెత్తాలు అక్కరలేదు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు కలిపి పిండి పట్టి ముగ్గు వేయడం వేళ్ళ పట్టుకు చక్కని వ్యాయామం. దేవుడి దీపానికి వత్తులు చేయడం, పూలు కట్టడం, విస్తళ్ళు కుట్టడం, లేసు అల్లడం, మట్టి పిసికి బొమ్మలు చేయడం ఇవన్నీ వేళ్ళను, మణికట్టును కదిలించే పనులే. మీకు పూర్వం ఏ పని ఇష్టమో దానితోనే మొదలుపెట్టండి. తెలిసిన పనిని చేయి త్వరగా గుర్తుతెచ్చుకుంటుంది. అయితే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి.

1. ఎముక అతికిందని, స్నాయువుల కుట్లు గట్టిపడ్డాయని మీ వైద్యుడు చెప్పిన తరువాతనే పని ప్రారంభించాలి. కట్టు ఉన్న కాలంలో బయటకు కనిపించే వేళ్ళను, మోచేతిని, భుజాన్ని ఎంతవరకు కదిలించవచ్చో ఆయననే అడిగి, ఆ మేరకు కదిలిస్తూ ఉండాలి.

2. మొదట పది నిమిషాలు చాలు. మరునాటికి నొప్పి, వాపు పెరగకపోతే కొద్దికొద్దిగా పొడిగించాలి. పెరిగితే తగ్గించాలి.

3. సన్నని సూది, కుంచె, కత్తెరల పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు సులువవుతుంది.

4. మధుమేహంవల్ల గాని, నరం తెగడంవల్ల గాని వేళ్ళకు స్పర్శ తగ్గినవారు వేలూరు పాఠాన్ని మరువరాదు. సూది, వేడి, పదునైన పనిముట్ల విషయంలో జాగ్రత్త వహించి, పని ముగిశాక మంచి వెలుతురులో చేతులు చూసుకోవాలి.

5. వేళ్ళు తిమ్మిరెక్కినా, రంగు మారినా, వాపు తగ్గకపోయినా వెంటనే వైద్యుణ్ణి సంప్రదించాలి.

ఇంట్లోని పెద్దవారికి దెబ్బ తగిలితే 'నీవు కూర్చో, మేము చేస్తాము' అని అన్ని పనులూ లాక్కోవడం మన ఇళ్ళలో ప్రేమకు గుర్తు. కోలుకునే దశలో మాత్రం, వారు నెమ్మదిగా చేసినా, వంకరగా చేసినా, చేయదగిన పని ఒకటి వారి చేతికే వదిలిపెట్టండి.