జనరేటివ్ కళ – చిత్రలేఖన ఉపాధ్యాయుల శిక్షణ: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
జనరేటివ్ కళను తరగతి గదిలో ప్రవేశపెట్టాలంటే ఉపాధ్యాయుడు ముందుగా నేర్వవలసినది పరికరాన్నా, నియమాన్నా అన్న ప్రశ్నను ఈ వ్యాసం 1960ల నుండి సాగిన చరిత్ర ఆధారంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: జనరేటివ్ కళ, లోగో, చుక్కల ముగ్గు, ఉపాధ్యాయ శిక్షణ, కృత్రిమ మేధ.

1. ఉపోద్ఘాతం:
కళాకారుడు నియమాలను నిర్ణయించి, వాటి అమలును యంత్రానికో మరొక వ్యవస్థకో అప్పగించి రూపాన్ని రాబట్టే కళ జనరేటివ్ కళ. 1965 ఫిబ్రవరిలో స్టుట్‌గార్ట్‌లో తత్త్వవేత్త మాక్స్ బెన్జె ఆధ్వర్యంలో గియోర్గ్ నీస్ కంప్యూటర్ రేఖాచిత్రాల ప్రదర్శన జరిగింది. అక్కడికి వచ్చిన చిత్రకారులు కలత చెందగా, బెన్జె వాటిని 'కృత్రిమ కళ' అని వేరుచేసి చెప్పి శాంతపరచారు. యంత్రం గీస్తే చిత్రకారునికి మిగిలేదేమిటన్నది వారి ఆవేదన. అదే ప్రశ్న నేడు చిత్రలేఖన ఉపాధ్యాయుని ముందు నిలిచింది.

2. నియమమే కళాకృతి:
ఆ ప్రశ్నకు సమాధానం నీస్ చిత్రాలలోనే ఉంది. ఆయన ప్రసిద్ధ రచన 'షాటర్'లో వరుసకు 12 చొప్పున 22 వరుసల చతురస్రాలు ఉంటాయి. పై వరుసలు క్రమంగా ఉండి, కిందికి దిగేకొద్దీ చతురస్రాలు ఒరిగి, చెదరిపోతాయి. ఏ చతురస్రం ఎంత ఒరగాలో యాదృచ్ఛిక సంఖ్యలు తేల్చాయి. అస్తవ్యస్తత ఎక్కడ మొదలై ఎంతవరకు పెరగాలో నీస్ నిర్ణయించారు. కళాకారుని నిర్ణయం రేఖ నుండి నియమానికి మారింది, అంతరించిపోలేదు.

హంగరీలో జన్మించి పారిస్‌లో స్థిరపడిన వేరా మోల్నార్ అనుభవం బోధనకు మరింత ఉపకరిస్తుంది. ఆమె 1968లో కంప్యూటర్‌ను చేపట్టారు. అంతకుముందు కొన్నేళ్లపాటు 'ఊహాయంత్రం' అన్న భావనతో, తానే నియమాలు పెట్టుకొని, వాటిని చేతితోనే అమలుచేస్తూ చిత్రాలు గీశారు. కంప్యూటర్లు లేని పాఠశాలలోనూ ఈ కళను బోధించవచ్చునని ఇది సూచిస్తుంది.

3. తరగతి గదికి చేరిన తీరు:
1967లో వాలీ ఫోయర్‌జైగ్, సీమోర్ పాపర్ట్, సింథియా సాలమన్ ప్రభృతులు పిల్లల కోసం లోగో భాషను రూపొందించారు. 'తాబేలు'ను 100 అడుగులు ముందుకు నడిపి, 90 డిగ్రీలు కుడికి తిప్పమని, ఇలా 4 సార్లు చేయమని ఆదేశిస్తే చతురస్రం ఏర్పడుతుంది. బాలుడు తానే తాబేలై నడిచి ఆ ఆదేశాన్ని సరిచూసుకోగలడు. అయితే పాఠశాలలు కంప్యూటర్‌ను ప్రత్యేక గదికి, ప్రత్యేక పాఠ్యాంశానికి పరిమితం చేశాయని 1993లో పాపర్టే విచారించారు. పరికరం బడికి వచ్చినా, ఇతర విషయాల బోధనలో అది ఇంకలేదు.

2001లో కేసీ రియస్, బెన్ ఫ్రై ఆరంభించిన 'ప్రాసెసింగ్' దృశ్యకళల విద్యార్థులను దృష్టిలో ఉంచుకుంది. అందులో ప్రోగ్రామును 'స్కెచ్' అంటారు. ప్రోగ్రామ్ రచనను చిత్తు గీతలా తేలికగా మొదలుపెట్టి, దిద్దుకుంటూ సాగవచ్చునన్న బోధనా దృక్పథం ఆ పేరులోనే ఉంది.

4. చుక్కల ముగ్గు – స్థానిక పునాది:
నియమబద్ధ రూపకల్పన తెలుగు వాకిళ్లకు కొత్త కాదు. "7 చుక్కలు, సందు చుక్కలు 4 వరకు" అన్న ఒక్క సూచనతో 37 చుక్కల అమరిక సిద్ధమవుతుంది. దానిపై ఒకరు మెలికల ముగ్గు వేస్తే, మరొకరు పువ్వులు కలుపుతారు. మద్రాస్ క్రిస్టియన్ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ 1974లో ప్రచురించిన పరిశోధనలో తమిళ కోలాన్ని గణితపరమైన వ్యాకరణంతో వివరించారు. సోదర సంప్రదాయమైన ముగ్గుకూ ఈ దృష్టి వర్తిస్తుంది. కాబట్టి శిక్షణ మొదటి రోజు తెరముందు కాక, సుద్దముక్కతో నేలమీద ఆరంభం కావచ్చు.

5. నేటి సంక్లిష్టత:
2022 నుండి విస్తృతంగా అందుబాటులోకి వచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్ వంటి సాధనాలు వాక్యాన్ని చిత్రంగా మారుస్తున్నాయి. నీస్‌కు తన నియమం తెలుసు. ముగ్గు వేసే ఇల్లాలికీ తెలుసు. వాక్యం టైపు చేసిన విద్యార్థికి మాత్రం తెలియదు. ఆ నియమం ఇతరుల అసంఖ్యాక చిత్రాల నుండి యంత్రం గ్రహించినది. ఆ మూలచిత్రకారుల అనుమతి, గుర్తింపు అన్న నైతిక ప్రశ్నలూ ఇక్కడే పుడతాయి. ఫలితాన్ని మాత్రమే చూసి మార్కులు వేసే పద్ధతి ఇక్కడ నిలవదు. విద్యార్థి పెట్టుకున్న నియమం, చేసిన మార్పులు, వదిలేసిన రూపాలు, ఎంపికకు చెప్పిన కారణం మూల్యాంకనంలోకి రావాలి.

జాతీయ విద్యావిధానం 2020 ఉపాధ్యాయులకు ఏటా కనీసం 50 గంటల వృత్తిపర అభివృద్ధి అవకాశాలను ప్రతిపాదించింది. మిడిల్ దశలో కోడింగ్‌నూ, బోధనలో కళాసమన్వయాన్నీ పేర్కొంది. ఈ రెండింటినీ కలపగల స్థానంలో చిత్రలేఖన ఉపాధ్యాయుడు ఉన్నాడు. కోడింగ్‌ను కంప్యూటర్ గదికే వదిలేస్తే లోగో చరిత్ర పునరావృతమవుతుంది.

6. ముగింపు:
పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, శిక్షణ చేతితో అమలుచేసే నియమంతో మొదలై యంత్రానికి చేరాలి. రెండు, అది కళాబోధనలో అంతర్భాగంగా సాగాలి. మూడు, మూల్యాంకనం చిత్రంతోపాటు నిర్ణయక్రమాన్నీ పరిగణించాలి. పరికరాలు పదేళ్లకొకసారి మారుతున్నాయి. నియమాన్ని ఊహించి, ఫలితాన్ని తూచి, తగినదాన్ని ఎంచుకునే వివేకం మాత్రం ఉపాధ్యాయుని నుండి విద్యార్థికి అందవలసినదే.