సముద్రం దాటకూడని కరివేపాకు

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి బయల్దేరే అమ్మల పెట్టెల్లో ఆవకాయకీ, కందిపొడికీ, సున్నుండలకీ చోటు దొరుకుతుంది. పేచీ అంతా పచ్చి కరివేపాకు దగ్గరే. దాన్ని అక్కడికి తీసుకెళ్లనివ్వరు. "మనం రోజూ తినే ఆకే కదమ్మా, విషమా ఏంటి?" అని మా పక్కింటి పిన్నిగారికి కోపం. ఆవిడకేదైనా జవాబు చెబుదామని చదవడం మొదలుపెడితే నూట యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాల్సి వచ్చింది.

1860లలో అమెరికా ద్రాక్ష మొక్కల వేళ్లను పట్టుకుని ఫిలోక్సెరా అనే పేనులాంటి పురుగు ఫ్రాన్స్ చేరింది. అమెరికా తీగలు దాన్ని తట్టుకుంటాయి. ఫ్రాన్స్ తీగలు తట్టుకోలేక తోటలకు తోటలే ఎండిపోయాయి. ఆ దెబ్బకి 1878లో కొన్ని యూరప్ దేశాలు స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో కూర్చుని, ఆ పురుగు సరిహద్దులు దాటకుండా ఒప్పందం రాసుకున్నాయి. చూశారా, అప్పుడు పురుగు వెళ్లింది అమెరికా నుంచే!

తర్వాత వాళ్ల వంతు వచ్చింది. 1910లో టోక్యో నగరం కానుకగా 2,000 చెర్రీ మొక్కలు పంపింది. విప్పి చూస్తే నిండా పురుగులూ తెగుళ్లూ. అధ్యక్షుడు టాఫ్ట్ ఒప్పుకోవడంతో వాటిని కాల్చేశారు. పెళ్లిలో పెట్టిన చీర నచ్చకపోతే బీరువా అడుగున దాచేసే మనకి ఇది కాస్త మొరటుగానే అనిపిస్తుంది. జపాన్ వాళ్లు మాత్రం మనసులో పెట్టుకోకుండా 1912లో మూడు వేలకు పైగా మంచి మొక్కలు మళ్లీ పంపారు. వాషింగ్టన్‌లో చెర్రీ పూల సంబరం వాటితోనే మొదలైంది. అదే ఏడాది అమెరికాలో మొక్కల క్వారంటైన్ చట్టం వచ్చింది.

ఇక మన ఆకు సంగతి. నిమ్మ, బత్తాయి, నారింజ, మారేడు, వెలగ, కరివేపాకు అన్నీ ఒకే కుటుంబం. నువ్వుగింజంత ఉండే సిల్లిడ్ అనే పురుగుకి కరివేపాకు చిగుళ్లంటే ప్రాణం. ఆ చిగుళ్లలోనే గుడ్లు పెడుతుంది. మనం రెబ్బని కడిగినా ఆ గుడ్లు కంటికి ఆనవు. ఆ పురుగు గ్రీనింగ్ తెగులు సూక్ష్మజీవిని మోసుకెళ్లి నారింజ చెట్టు మీద వాలిందంటే ఆ చెట్టు పని అయిపోయినట్టే. కాయలు వంకరపోయి, సగం పచ్చగానే ఉండి, చేదెక్కి రాలిపోతాయి. పట్టిన చెట్టుని నయం చేసే మందు లేదు. మన బత్తాయి రైతులకీ ఈ తెగులు తెలుసు.

ఫ్లోరిడాలో ఆ పురుగు 1998లో కనిపించింది, తెగులు 2005లో. 2003-04లో ఆ రాష్ట్రంలో 24 కోట్ల పెట్టెల నారింజలు పండాయి. 2022-23కి అవి 2 కోట్లకి లోపే. తుపానుల పాపం కూడా అందులో ఉందనుకోండి, కానీ ముందు చెట్ల నడుము విరిచింది ఈ తెగులే. తాతల నాటి తోటలు అమ్ముకున్న ఇళ్లలో కూడా మనలాంటి ఆడవాళ్లే కదా సంసారం లాక్కొచ్చింది!

అందుకే విమానాశ్రయంలో బీగిల్ కుక్కలు పెట్టెలు వాసన చూస్తాయి. 1984లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది ఈ పద్ధతి. పండ్లూ మాంసమూ ఇట్టే పట్టేస్తాయి. తెచ్చిన తిండి ఏదైనా ముందే చెప్పేస్తే, కూడనిది తీసి పక్కన పెడతారు, అంతే. దాచి దొరికితేనే జరిమానా.

అక్కడే కుండీలో చెట్టు పెంచుకునే అమ్మాయిలకీ ఒక చిక్కుంది. కాలిఫోర్నియాలో తెగులు కనిపించిన ప్రాంతాల్ని క్వారంటైన్ కింద పెట్టారు. అక్కడి నుంచి ఇల్లు మారేటప్పుడు మంచాలూ గిన్నెలూ లారీ ఎక్కుతాయి గానీ, బిడ్డలా పెంచిన ఆ కరివేపాకు కుండీని మాత్రం గీత దాటించకూడదు.