చెక్క నావా.. ఫైబర్ బోటా? వేటకు ఏది బెటర్?

కోనసీమలో వశిష్ట గోదావరి సముద్రంలో కలిసేది అంతర్వేది దగ్గర. ఇలాంటి తీరంలో బోటు కొనాలంటే మత్స్యకారులు మూడు లెక్కలు చూసుకోవాలి. మన్నిక, వేగం, ఖర్చు. ఈ మూడూ ఒకే బోటులో దొరకడం కష్టం.

చెక్క నావ: పాడైన చెక్క ఒక్కటే మార్చుకోవచ్చు. అయితే మంచి కలప ఖరీదెక్కువ. ఉప్పునీటిలో పురుగు తొలిచేస్తుంది. సందులు పూడ్చి, తారు పూసే పని ఎప్పుడూ ఉండేదే.

ఫైబర్ బోటు: గాజు పీచును రెసిన్‌తో తడుపుతూ అచ్చులో పొరలుగా వేస్తారు. బరువు తక్కువ.. కాబట్టి ఆయిల్ ఖర్చూ తగ్గుతుంది. కుళ్లదు, పురుగు పట్టదు. కానీ గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది.

విశాఖ రుషికొండలో కెరటాలపై తిరిగే సర్ఫ్‌బోర్డులదీ ఇదే కథ. లోపల ఫోమ్, పైన గాజు పీచు, రెసిన్. వీటిలో పాలిస్టర్ రెసిన్ చౌక. ఎపాక్సీ గట్టిది, కానీ రేటెక్కువ.

ఇవి మర్చిపోవద్దు: బోటును ఇసుకపై లాగే చోట అడుగున అదనపు పొర వేయించుకోవాలి. పగులు చిన్నదే కదా అని వదిలేస్తే లోపలికి నీరు చేరి బరువు పెరుగుతుంది, పొరలు విడిపోతాయి. పూర్తిగా ఆరబెట్టి అతుకు వేయించాకే వేటకు వెళ్లాలి. నడిసముద్రంలో ఆ పగులు పెద్దదైతే పోయేది బోటు ఒక్కటే కాదు.. ప్రాణాలు కూడా!