పైలట్ కోర్సుకు డబ్బు కడుతున్నారా? ఉద్దానం యువత ముందు మెడికల్ చూసుకోవాలి

పైలట్ శిక్షణకు లక్షలు కట్టాక, తీరా మెడికల్‌లో అన్‌ఫిట్ అంటే డబ్బు, టైమ్ రెండూ పోతాయి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో, పలాస, టెక్కలి వైపు కుటుంబాలు ఇంకాస్త జాగ్రత్తపడాలి.

ఎవరికి ఏ సర్టిఫికెట్?
• క్లాస్ 2: స్టూడెంట్ పైలట్, ప్రైవేట్ పైలట్‌కు.
• క్లాస్ 1: కమర్షియల్ పైలట్‌కు, ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్‌కు. ఏడాదికోసారి రెన్యువల్. వయసు 60 దాటితే ఆరు నెలలకోసారి.
• డీజీసీఏ గుర్తించిన డాక్టర్లే పరీక్షించాలి. మామూలు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చెల్లదు.

కిడ్నీ సంగతేంటి?
మూత్ర పరీక్ష తప్పనిసరి. తేడా కనిపిస్తే కారణం తేలాల్సిందే. అమ్మానాన్నలకు జబ్బు ఉందని పిల్లల్ని పక్కన పెట్టరు. చూసేది అభ్యర్థి ఆరోగ్యాన్నే. మరి ఇంట్లోవాళ్లకి కిడ్నీ ఇచ్చి ఉంటే? అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల ప్రకారం, ఒక కిడ్నీ తీసేసినవాళ్లు అన్‌ఫిట్. రెండోది ఆ లోటు బాగా పూడుస్తోందని తేలితేనే మినహాయింపు.

ముందే ఏం చేయాలి?
కిడ్నీ జబ్బు మొదట్లో బయటపడదు. అందుకే ముందుగా సీరం క్రియాటినిన్, మూత్ర పరీక్షలు చేయించుకోవాలి. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆస్పత్రి దగ్గర్లోనే ఉంది. తర్వాత క్లాస్ 2, వెంటనే క్లాస్ 1 తెచ్చుకుని, అప్పుడే పూర్తి ఫీజు కట్టడం మేలు.

లైసెన్స్ వచ్చాక కూడా ఆరోగ్యం దెబ్బతిందని తెలిస్తే, సర్టిఫికెట్ గడువు మిగిలి ఉన్నా విమానం నడపకూడదు.