యాషికా ఎలక్ట్రో 35: పాత కెమెరా కొనదలచినవారు ఏ నమూనా ఎంచుకోవాలి?

ఫిల్ము ఛాయాగ్రహణంపై మక్కువ గలవారికి పాత రేంజ్‌ఫైండర్ కెమెరాలలో చిరపరిచితమైనది యాషికా ఎలక్ట్రో 35. జపానులో 1966లో వెలువడిన ఈ కెమెరా తరువాత పలు నమూనాలుగా వచ్చింది. 1973 నాటి జీఎస్‌ఎన్ వెండి రంగులోను, జీటీఎన్ నలుపు రంగులోను లభిస్తాయి. ఈ రెంటికీ భేదం రంగు మాత్రమే. ఫ్లాష్‌ను తీగ అవసరం లేకుండా అమర్చుకొనే హాట్ షూ వీటికి ఉంది. అంతకు ముందరి జీఎస్, జీటీలకు లేదు. 45 మి.మీ. ఎఫ్/1.7 కటకం అన్నింటా ఒకటే. కనుక ఫ్లాష్ వాడనివారు నలుపు రంగుకో, కొత్త పేరుకో అధిక మూల్యం చెల్లించనక్కరలేదు.

నమూనాకన్న కెమెరా స్థితి ప్రధానం. బ్యాటరీ లేకున్నా షట్టరు 1/500 సెకను వేగంతో పనిచేస్తుంది. అందుచేత ‘క్లిక్‌మంటోంది’ అన్న అమ్మకందారు మాట చాలదు. నాటి 5.6 వోల్టుల పాదరసపు బ్యాటరీ నేడు తయారు కావడం లేదు. దాని స్థానంలో 6 వోల్టుల 4ఎల్ఆర్44ను అడాప్టరుతో అమర్చి, వెనుకనున్న పరీక్ష మీట నొక్కితే దీపం వెలగాలి. మసక వెలుతురులో పసుపు దీపం వెలిగి, షట్టరు ఎక్కువసేపు తెరుచుకొని ఉండాలి. ఫిల్ము తిప్పే మీటను లాగినపుడు లోపల ‘టక్’మనే శబ్దం వినిపించకుంటే, రబ్బరు దిమ్మె శిథిలమైనదని అనుమానించాలి. బ్యాటరీ గదిలో పచ్చని చిలుము ఉండరాదు.

ఈ పరీక్షలలో నెగ్గిన జీఎస్, విఫలమైన జీటీఎన్‌కన్న ఎంతో మేలు.