సైన్స్ మన ఇంటి జబాన్‌లోనూ మాట్లాడింది



మన ఇళ్ళల్లో తరచూ వినే మాట ఒకటుంది. దీనీ చదువు మన జబాన్‌ది, సైన్స్ ఇంగ్లీషుది అని. కొత్తవలసలోనూ వింటూనే ఉన్నాను. పిల్లలు కూడా అదే నమ్మి పెరుగుతున్నారు. మూడో తరగతి బచ్చా సైన్స్ పాఠాన్ని సబఖ్‌లా జబానీ అప్పజెప్పేస్తాడు. ‘ఎందుకు?’ అని మాత్రం అడగడు. అడిగితే మనమే ‘చుప్ బైఠో’ అంటాం.

తవారీఖ్ తిరగేస్తే వేరే మాట కనిపిస్తుంది.

హైదరాబాద్‌లో పాయిగా ఖాన్‌దాన్‌కు చెందిన నవాబ్ ఫఖ్రుద్దీన్ ఖాన్, షమ్సుల్ ఉమరా అనే ఖితాబ్ ఉన్న అమీర్. ఆయనకు సొంత ఛాపాఖానా ఉండేది. 1840 ప్రాంతంలో ఆయన ‘సిత్తా-ఎ-షమ్సియా’ పేరుతో ఆరు రిసాలాలు ఉర్దూలోకి తర్జుమా చేయించి అచ్చు వేయించారు. బరువులు ఎత్తే యంత్రాల గురించి జర్రె-సఖీల్, ఆకాశం గురించి హైఅత్, ఇంకా నీరు, గాలి, వెలుగు, కరెంటు. కరెంటును బర్ఖ్ అన్నారు, వెలుగు శాస్త్రాన్ని మనాజిర్ అన్నారు. ఉస్మానియా యూనివర్సిటీ పుట్టడానికి డెబ్భై ఏళ్ళకు పైగా ముందటి సంగతి ఇది. 1918లో ఉస్మానియా ఉర్దూలో పాఠాలు మొదలుపెట్టే నాటికి ఆ దారిలో నడిచిన అడుగులు ముందే ఉన్నాయి.

హైదరాబాద్ మనకు దూరం అంటారా? కొత్తవలస నుంచి విశాఖ ఎంత దూరం? అక్కడి డాబా గార్డెన్స్‌లో గొడే వెంకట జగ్గారావు గారు 1840 ప్రాంతంలోనే సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ కట్టుకున్నారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపారు. ఏ.వి.ఎన్. కాలేజీ పేరులో ఉన్న ఏ.వి.ఎన్. ఈయనే. 1874 డిసెంబర్ 9 పొద్దున శుక్రగ్రహం, మన జొహ్రా, సూర్యుడి ముఖం మీదుగా నల్ల చుక్కలా దాటింది. విశాఖ నుంచి నరసింగరావు దాన్ని దూర్‌బీన్‌తో చూసి లెక్కలు రాసుకున్నారు. ఇలాంటి లెక్కలను దూర దూర దేశాల నుంచి పోగేసి, భూమి నుంచి సూర్యుడు ఎంత దూరమో తేల్చాలని అప్పటి శాస్త్రవేత్తల కోషిష్. ఆ దూరం సుమారు 15 కోట్ల కిలోమీటర్లు.

అదే సంవత్సరం మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసే చింతామణి రఘునాథాచారి, ఈ నజారా ఏమిటో మామూలు జనానికి అర్థం కావాలని ఒక చిన్న పుస్తకం రాశారు. అది ఉర్దూలో కూడా వచ్చింది. ఒక ఆచారి గారు రాసిన ఆకాశం కబురు మన జబాన్‌లోకి వచ్చిందంటే, ఇల్మ్‌కు ఏ గోడలూ లేవన్నమాట.

ఈ దారి ఇంకా వెనక్కి వెళితే బస్రాలో పుట్టి కాహిరాలో బతికిన ఇబ్నుల్ హైసమ్ దగ్గరికి చేరుతుంది. వెయ్యేళ్ళ కిందట ఆయన రాసిన గ్రంథం పేరు ‘కితాబుల్ మనాజిర్’. షమ్సుల్ ఉమరా రిసాలాలోని మనాజిర్ ఆ మాటే. పెద్ద పెద్ద హకీములు చెప్పారు కదా అని ఆయన ఊరుకోలేదు. తజుర్బా చేసి చూశారు. గ్రహణం పట్టినప్పుడు సన్నని కన్నంలోంచి వచ్చే వెలుగు నెలవంకలా పడుతుందని, కన్నం పెద్దదైతే ఆ ఆకారం పోతుందని గమనించి, సబబు వివరించారు.

ఈ తజుర్బాకు మన దగ్గర ఖర్చే లేదు. మామిడిచెట్టు కింద నేల మీద వెలుగు చుక్కలు చూపించండి. ఆకుల సందులు వంకర టింకరగా ఉంటాయి, చుక్కలు మాత్రం గుండ్రం. ఎందుకు? జవాబు చెప్పకండి. నోటుబుక్కు అట్టకు ఆవగింజ కన్నా కాస్త పెద్ద మూడు మూలల కన్నం చేసి, పొద్దుటి ఎండ పడే గోడకు ఆనించినట్టు పట్టుకోమనండి. వెలుగు మూడు మూలలుగానే ఉంటుంది. రెండు మూడు మీటర్లు వెనక్కి జరిగితే గుండ్రం అవుతుంది. ఆ గుండ్రం సూర్యుడి బొమ్మే. కన్నంలోంచి సూర్యుడి వైపు మాత్రం చూడనివ్వకండి. కళ్ళు పోతాయి.

‘ఇలా ప్రశ్నలు అడిగితే ఈమాన్ చెదరదా?’ అని కొందరు వాలిదైన్ భయపడతారు. రసూలుల్లాహ్ (స) కుమారుడు ఇబ్రాహీం వఫాత్ అయిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లే అని జనం అనుకున్నారు. ఎవరి చావు పుట్టుకల కోసమూ సూర్యచంద్రులకు గ్రహణం పట్టదని, అవి అల్లాహ్ నిషానీలని ఆయన స్పష్టం చేశారు. దుఃఖంలో ఉన్న తండ్రి తనకు గొప్పతనం తెచ్చే తప్పు మాటను ఒప్పుకోలేదు. దలీల్ లేని సబబును నమ్మొద్దని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మిసాల్ ఏముంది?

2027 ఆగస్టు 2న మక్కాలో సంపూర్ణ సూర్యగ్రహణం. ఆ రోజు ఖబర్లు చూసి మీ బచ్చే సవాళ్ళు అడుగుతారు. ఏ జబాన్‌లో అడిగినా సరే, జవాబు వెతకడానికి వాళ్ళ పక్కన కూర్చోండి.